గంపగుత్త కూలికి పాడిన గాయనులు

(ఉద్యోగినుల సాంస్కృతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుండి పింఛను గురించి, ఖాళీ పోస్టుల గురించి, కాంట్రాక్టు పద్ధతి గురించి తీవ్రమైన చర్చ సాగింది. భోజనానంతరం మాట్లాడవలసిన వక్తకు శ్రోతల కునుకుతో పోటీ తప్పదు గనుక, నాకు పాటల సంగతి అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞురాలిని. అయితే నేను చెప్పబోయేది కేవలం వినోదం కాదు. ఇదీ ఒక కూలి లెక్కే.

1994వ సంవత్సరంలో అమెరికా తపాలా శాఖ 29 సెంట్ల విలువగల బిళ్ళల వరుస ఒకటి వెలువరించింది. జాజ్, బ్లూస్ గాయనీగాయకుల బొమ్మలవి. ఒకదానిపై బెస్సీ స్మిత్, మరొకదానిపై మా రెయినీ. ('మా' అంటే అక్కడ అమ్మ, 'మా సంఘం' అనేటప్పటి మన 'మా' కాదు.) సార్టింగు కేసు ముందు చాలా ఏళ్ళు నిలబడినదాన్ని గనుక, బిళ్ళమీది బొమ్మను ఊరకే చూసి వదలివేయడం నాకు చేతకాదు. ఈమె ఎవరని వెదికాను. గెర్ట్రూడ్ రెయినీ జార్జియా రాష్ట్రంలోని కొలంబస్ పట్టణపు మనిషి. బాల్యం దాటకముందే రంగస్థలమెక్కింది. 1923 నుండి 1928 వరకు సుమారు వంద పాటలకు గొంతు ఇచ్చింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు ఆమె పాట వెనుక కార్నెట్ ఊదాడు. 1939 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు మరణ ధ్రువపత్రంలో వృత్తికి ఎదురుగా వ్రాసిన మాట: ఇంటిపని.

ఆ ధ్రువపత్రానికి, ఈ తపాలా బిళ్ళకు నడుమ 55 సంవత్సరాల దూరమున్నది. ఆ దూరాన్ని గురించే నా ప్రసంగం.

బ్లూస్ అనే పాట కట్టుబడి చాలా సరళమైనది. సాధారణంగా మూడు పాదాలుంటాయి. మొదటి పాదంలో ఒక మాట చెబుతారు. రెండవ పాదంలో అదే మాటను మరల చెబుతారు. మూడవది దానికి జవాబు. ప్రతి పాదం చివర కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో వాద్యం బదులు పలుకుతుంది. మన బుర్రకథలో కథకుడు పాదం విడిచినచోట వంతలు అందుకోవడం మీకు తెలిసినదే. ఇంచుమించు అటువంటి వ్యవహారం. స్వరాన్ని నిలపవలసినచోట రవ్వంత కిందికి వంచడం, తాళానికి ఒక క్షణం వెనుకబడి వచ్చి శ్రోతను నిరీక్షింపజేయడం దాని ప్రాణం. ఇరవయ్యవ శతాబ్దంలో ప్రపంచమంతటా వ్యాపించిన జాజ్‌కు, రాక్‌కు, సోల్ సంగీతానికి ఈ పాట పునాది. ఆ పునాది ఎవరు వేశారని అడిగితే, చాలా పుస్తకాలు గిటారు చేతబట్టిన ఒంటరి పురుషుని బొమ్మను చూపుతాయి. కానీ గ్రామఫోను ప్లేటుపై బ్లూస్ పాడిన తొలి నల్లజాతి గొంతులు స్త్రీలవి. పురుషుల వంతు కొన్ని సంవత్సరాల తరువాత గాని రాలేదు.

1920 వరకు అమెరికా రికార్డు కంపెనీల యజమానులకు ఒక గట్టి నమ్మకముండేది: నల్లవారు ప్లేట్లు కొనరు, నల్లజాతి స్త్రీ పాడిన ప్లేటును తెల్లవారు కొననివ్వరు. పెర్రీ బ్రాడ్‌ఫర్డ్ అనే నల్లజాతి పాటల రచయిత కంపెనీల గుమ్మాలు పట్టుకొని తిరిగి తిరిగి, చివరకు ఓకే అనే కంపెనీని ఒప్పించాడు. ఆ ఏడాది ఆగస్టు 10న మామీ స్మిత్ అనే గాయని 'క్రేజీ బ్లూస్' అనే పాట పాడింది. తొలి నెలలోనే 75,000 ప్రతులు అమ్ముడైనట్లు చెబుతారు. ప్లేటు వెల ఒక డాలరు. ఆనాడు ఇళ్ళలో వంటచేసి, బట్టలుతికి బతికే కుటుంబాలకు అది చిన్న మొత్తం కాదు. అయినా కొన్నారు. తమ గొంతు తమకు వినబడడం అదే మొదలు. యజమానుల నమ్మకం ఒక్క ఋతువులో మారిపోయింది. ప్రతి కంపెనీ నల్లజాతి గాయనుల కోసం వెదకసాగింది. ఆ ప్లేట్లకు 'రేస్ రికార్డులు' అని వేరు ముద్ర వేసి, వేరు వరుస సంఖ్యలిచ్చి అమ్మారు.

ఈ ప్లేట్లు ఊరూరికీ ఎట్లా చేరాయి? ఇక్కడ మన సోదరులు ప్రవేశిస్తారు.

దక్షిణ రాష్ట్రాల పల్లెలలో నల్లవారి కోసం రికార్డుల దుకాణాలు ఎక్కడివి? పుల్‌మన్ కంపెనీ స్లీపింగు బోగీలలో పనిచేసే నల్లజాతి పోర్టర్లు పట్టణంలో ప్లేట్లు కొని, దారిలోని స్టేషన్లలో అమ్మేవారు. (పోర్టరంటే మన స్టేషన్లలో సామాను మోసే కూలీ కాదు, పక్కలు వేసి, బూట్లు తుడిచి, రాత్రంతా మేలుకొని ప్రయాణికుల సేవచేసే బోగీ అటెండెంటు.) 'చికాగో డిఫెండర్' అనే నల్లజాతి పత్రిక కట్టలను కూడా వారే దక్షిణానికి చేరవేసేవారు. నెలకు 400 గంటలో, 11,000 మైళ్ళో పనిచేస్తే గాని వారికి పూర్తి జీతం రాదు. వారికి సొంత పేరు కూడా ఉండేది కాదు. కంపెనీ స్థాపకుడు జార్జ్ పుల్‌మన్ గనుక, బానిసకు యజమాని పేరు పెట్టే పాత ఆచారం ప్రకారం ప్రయాణికులు ప్రతి పోర్టరునూ 'జార్జ్' అనే పిలిచేవారు. 1925 ఆగస్టు 25న ఎ. ఫిలిప్ రాండోల్ఫ్ నాయకత్వంలో వారు సంఘం పెట్టుకొన్నారు. సరిగా పన్నెండేళ్ళకు, 1937లో అదే ఆగస్టు 25న, కంపెనీ ఆ సంఘంతో ఒప్పందంపై సంతకం చేసింది. ఈ తేదీలను గుర్తుంచుకోండి. గాయనుల కథలో ఇటువంటి తేదీ మనకు కనబడదు.

రెండవ దారి తపాలా. మా రెయినీ పాటలు అచ్చువేసిన పారమౌంట్ అన్నది విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక కుర్చీల కంపెనీకి చెందిన విభాగం. మీరు విన్నది నిజమే, కుర్చీలు. గ్రామఫోను పెట్టెలు కూడా చేసేవారు. పెట్టె అమ్ముడుపోవాలంటే ప్లేటు ఉండాలి గదా అని ప్లేట్లు మొదలుపెట్టారు. పత్రికలో ప్రకటన, కింద కత్తిరించి పంపవలసిన కూపను. డబ్బు ముందుగా పంపనక్కరలేదు. ప్లేటు ఇంటికి వచ్చినప్పుడు పోస్టుమేనుకు 75 సెంట్లు చెల్లిస్తే చాలు. మన వి.పి.పి. పద్ధతి! పత్తి చేల మధ్య గుడిసెకు బెస్సీ స్మిత్ గొంతును, మా రెయినీ గొంతును చేర్చినది అమెరికా పోస్టుమేను. కుర్చీల కంపెనీవారు తరువాత ఆ అచ్చుల లోహపు మూలాలను తుక్కుకింద అమ్ముకొన్నారు. అందుకే మా రెయినీ పాటలు నేడు గీతలు పడిన పాత ప్లేట్లనుండి తీసినవి మాత్రమే దొరుకుతాయి.

ఇప్పుడు బెస్సీ స్మిత్ సంగతి. టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా ఆమె ఊరు. ఆ పేరు మన ఆర్.ఎం.ఎస్. మిత్రులు మరొక కారణంగా కూడా తెలుసుకోదగినది. 1913లో రైలు తపాలా బోగీలలో పనిచేసే నల్లజాతి క్లర్కులు అక్కడనే సమావేశమై తమ జాతీయ తపాలా ఉద్యోగుల సంఘాన్ని స్థాపించారు. ఎందుకు వేరు సంఘం? అప్పటికే ఉన్న రైల్వే మెయిలు ఉద్యోగుల సంఘం నల్లవారికి తలుపు మూసింది. కొయ్య బోగీలు, ప్రమాదం జరిగితే పిప్పిపిప్పి అయ్యే బోగీలు ఉన్నంతకాలం ఆ ఉద్యోగం నల్లవారికి వదిలారు. ఉక్కు బోగీలు వచ్చి పని కొంత క్షేమం కాగానే వారిని తొలగించే ప్రయత్నాలు మొదలైనాయి. యజమాని చేసిన అన్యాయం సరే. తోటి ఉద్యోగి చేసిన ఈ అన్యాయాన్ని సంఘాల చరిత్ర వ్రాసేవారు ఒక్క వాక్యంలో దాటించివేయడం నాకు సమ్మతం కాదు.

ఆ ఊళ్ళో బెస్సీ తల్లిదండ్రులు లేని పిల్లగా పెరిగింది. అక్క ఇతరుల బట్టలుతికి ఇల్లు నడిపేది. అన్న గిటారు వాయించగా ఈ పిల్ల వీధి మూలలో నిలబడి పాడి చిల్లర పోగుచేసేది. 1912లో ఒక సంచార నాటక సమాజంలో చేరింది. మా రెయినీ కూడా అప్పుడు ఆ సమాజంలోనే ఉన్నది. 1923 ఫిబ్రవరిలో కొలంబియా కంపెనీకి తొలి ప్లేటు ఇచ్చింది. 'డౌన్ హార్టెడ్ బ్లూస్' ఆ పాట. ఆరు నెలలు నిండకముందే 7,80,000 ప్రతులు అమ్ముడైనాయని చెబుతారు. ఆ అంకె సరియైనదే అనుకొని, ప్లేటు 75 సెంట్ల చొప్పున లెక్కకట్టండి: 5,85,000 డాలర్లు. అందులో దుకాణదారు భాగం, లక్క, రవాణా, ప్రకటన ఖర్చులు ఎన్ని తీసివేసినా కంపెనీకి మిగిలినది తక్కువ కాదు. ఆమెకు ముట్టవలసినది పాటకు 125 డాలర్లు, గంపగుత్తగా. ఆ 125లో కూడా మొదట్లో సగం మధ్యవర్తి కాజేస్తున్నాడని తెలిసి, కాబోయే భర్తను వెంటబెట్టుకొని వెళ్ళి నిలదీసింది. అప్పుడు కంపెనీ నేరుగా ఒప్పందం వ్రాసింది. ఒప్పంద పత్రంలో రాయల్టీకి సంబంధించి అచ్చయి ఉన్న వాక్యాన్ని మాత్రం కలంతో కొట్టివేశారు.

ఎనిమిదేళ్ళు, పదేళ్ళు. సుమారు 160 పాటలు. మొత్తం మీద ఆమెకు చెల్లించినది 28 వేల డాలర్ల పైచిలుకు. ఆమె పేదరాలిగా బతికిందని నేననడం లేదు. రంగస్థలంపై వారానికి రెండు వేల డాలర్ల వరకు సంపాదించిన దినాలున్నాయి. ఆనాటి నల్లజాతి కళాకారులలో అంత వేతనం మరెవరికీ లేదు. కానీ అది ఒళ్ళు కదిలినంతకాలం వచ్చే కూలి. ప్లేటు ఒకసారి అచ్చయితే యజమానికి నిద్రలో కూడా డబ్బు తెస్తుంది. 1929 మాంద్యం వచ్చింది, థియేటర్లు మూతపడినాయి, 1931లో కంపెనీ ఆమెను వదలివేసింది. ఆమె మరణానంతరం, 1970 ప్రాంతంలో, అదే కంపెనీ ఆమె పాటలన్నింటినీ తిరిగి అచ్చువేసి మరల సొమ్ము చేసుకొన్నది. పెంపుడు కుమారుడు కోర్టుకెక్కాడు. 1979లో ఫిలడెల్ఫియా ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ముఖ్య కారణం కాలదోషం. సకాలంలో అప్పీలు వేయలేక న్యాయం పోగొట్టుకొన్న మన ఉద్యోగులు ఎందరో ఈ సభలో ఉన్నారు గనుక ఆ మాటను వివరించనక్కరలేదు.

రైల్వే మిత్రుల కోసం ఒక సంగతి. దక్షిణ రాష్ట్రాలలో నల్లవారికి హోటలు గది ఇవ్వరు, రైలులో వేరు పెట్టె. ముప్పైమంది బృందంతో ఊరూరా తిరిగే బెస్సీ 1925లో అట్లాంటాలో ఒక సొంత రైలు బోగీ కొనుక్కొన్నది. పసుపు రంగు, ఆకుపచ్చ అక్షరాలు. పొడవు 78 అడుగులు. ఏడు పడక గదులు, వంటగది, స్నానాల గది. ఆ బోగీని ఏ రైలుకో తగిలించి ఊరు చేరేవారు. దానిలోనే తినేవారు, దానిలోనే పడుకొనేవారు. ఇప్పుడు కొందరు దీనిని తారామణి విలాసంగా వర్ణిస్తారు. ఏ ఊరిలోనూ పడుకోవడానికి చోటులేని మనిషి కొనుక్కొన్న ఇల్లు అది.

ఆమె గొంతు ఎటువంటిది? 1925 వరకు మైకు లేదు. గాయని ఒక పెద్ద రేకు బూరలోకి పాడితే ఆ ధ్వని బలానికి సూది కదిలి మైనంపై గీత పడేది. తబలా వంటి చిన్న చప్పుడైనా, సన్నని గొంతైనా అందులో నిలవదు. బెస్సీ గొంతు నిలిచింది. 1925 జనవరిలో ఆమె, ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి చేసిన 'సెయింట్ లూయీ బ్లూస్' వినండి. ఆమె పాదం విడిచినచోట కార్నెట్ అందుకొంటుంది. ఏది గొంతో ఏది వాద్యమో అన్నంతగా ఒకదానినొకటి అనుకరిస్తాయి. జాజ్ వాద్యకారులు స్వరాన్ని వంచడం, మాట పలికినట్లు పలికించడం ఈ గాయనుల వెనుక కూర్చొని నేర్చుకొన్నారని నా అభిప్రాయం. న్యూ ఆర్లీన్స్‌లో చిన్నపిల్లగా మహాలియా జాక్సన్ ఆమె ప్లేట్లు విని పెరిగింది. బిల్లీ హాలిడే తన గురువులుగా చెప్పుకొన్నవారు ఇద్దరే: బెస్సీ, ఆర్మ్‌స్ట్రాంగ్. ఇక పాటల విషయమంటారా, కేవలం ప్రేమ, విరహం కాదు. వరదలో ఇల్లు మునిగినవారి గురించి 1927లో, పేదవాని గురించి, చాకిరేవు స్త్రీ గురించి 1928లో పాడింది.

మరి ఇంతటివారు మరుగున ఎందుకు పడ్డారు? 1960 దశకంలో బ్లూస్ చరిత్ర వ్రాయడానికి పూనుకొన్నవారిలో చాలామంది తెల్లజాతి యువకులు, పాత ప్లేట్ల సేకర్తలు. అరుదైనది విలువైనదని సేకర్తల సూత్రం. 1936, 37లలో 29 పాటలు మాత్రమే ఇచ్చి, ఆనాడు పెద్దగా అమ్ముడుపోని రాబర్ట్ జాన్సన్ వారి కంట మహాపురుషుడైనాడు. అతడు గొప్పవాడే, కాదనను. కానీ లక్షలలో అమ్ముడైన స్త్రీల ప్లేట్లు వారికి 'వ్యాపార సరుకు'గా తోచాయి. పట్టు దుస్తులు, ముత్యాల హారాలతో వేదికెక్కిన స్త్రీ 'అసలైన' పేదల గొంతు కాలేదట! శ్రామిక ప్రజలు తమ కూలి డబ్బుతో కొనుక్కొన్న పాట అసలైనది కాకపోతే, మరేది అసలైనది? 1970 దశకపు మొదట్లో జైలులో ఉండి, 1972లో నిర్దోషిగా విడుదలైన ఏంజెలా డేవిస్ పేరు ఇక్కడి పెద్దలకు గుర్తుంటుంది. ఆమె 1998లో మా రెయినీ, బెస్సీ స్మిత్, బిల్లీ హాలిడేలపై ఒక పెద్ద పుస్తకమే వ్రాసింది. చేయవలసినవారు చేయని పని ఆమె చేసింది.

సంఘం మాటేమిటని మీరు అడుగుతారు. 1896 నుండి అమెరికాలో వాద్యకారుల సమాఖ్య ఉన్నది. చాలా నగరాలలో నల్లవారికి వేరు శాఖ. చికాగోలో అది 208వ శాఖ. పాడేవారు వాద్యకారులు కారన్న వాదంతో గాయకులను చేర్చుకోలేదు. 1942 ఆగస్టు 1 నుండి ఆ సమాఖ్య రికార్డు కంపెనీలపై సమ్మె చేసింది. రెండేళ్ళకు పైగా నిలిచి, అమ్మిన ప్రతి ప్లేటుమీద ఇంత అని సంక్షేమ నిధి సాధించింది. గొప్ప విజయం. కానీ ఆ సమ్మెకాలంలో కంపెనీలు వాద్యాలు లేకుండా గాయకుల చేత పాడించుకొని వ్యాపారం సాగించాయి. వెలుపల ఉంచబడినవారు సమ్మె లోపల ఎట్లా నిలుస్తారు? నేటికీ అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే పాట రచయితకు, ప్రచురణకర్తకు డబ్బు వస్తుంది, పాడినవారికి రాదు. మన దేశంలో గాయకులకు ప్రదర్శకుల హక్కు 1994 సవరణతోను, రాయల్టీ 2012 సవరణతోను గాని చట్టంలోకి రాలేదు.

'డౌన్ హార్టెడ్ బ్లూస్' మాటలు కట్టినది అల్బర్టా హంటర్, స్వరం కట్టినది లవీ ఆస్టిన్. ఇద్దరూ నల్లజాతి స్త్రీలే. అల్బర్టాకు దక్కినది కొద్ది వందల డాలర్లు. 1950 దశకంలో ఆమె పాట మానివేసి నర్సు శిక్షణకు దరఖాస్తు పెట్టింది. అరవై దాటినవారిని చేర్చుకోరు గనుక వయసు పన్నెండేళ్ళు తగ్గించి వ్రాసింది. న్యూయార్కు ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు పనిచేసింది. 1977లో, డెబ్బై ఏళ్ళు నిండినాయని పదవీ విరమణ చేయించారు. అప్పటికామె అసలు వయసు 82! మన సర్వీసు రిజిస్టర్ల పుట్టినతేదీ వివాదాలు గుర్తుకు వచ్చి మీరు నవ్వుతున్నారు, నవ్వండి. ఆమె ఇంటికి పోయి కూర్చోలేదు. అదే ఏడు మరల వేదికెక్కి, 1984లో మరణించేవరకు పాడింది.

ఇక నాకు అందరికంటె ఆత్మీయంగా తోచే మనిషి ఎలిజబెత్ కాటన్. నార్త్ కరొలినాలోని కార్‌బరో అనే ఊరిలో రైలు పట్టాల చేరువలో ఆమె ఇల్లు. చిన్ననాటనే బడి మాని ఇళ్ళలో పాచిపనికి కుదిరింది. నెలకు డాలరు జీతం. కూడబెట్టి 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొన్నది. ఎడమచేతి వాటం. గిటారు కుడిచేతివారిది. తంత్రులు మార్చలేదు, వాద్యాన్నే తిరగవేసి పట్టుకొన్నది. అందువల్ల అందరూ బొటనవేలితో మీటే మంద్ర తంత్రులను ఆమె వేళ్ళతో మీటింది, పాట నడకను బొటనవేలితో పలికించింది. ఆ పద్ధతి ఈనాడు గిటారు పాఠాలలో ఆమె పేరుతోనే చెబుతారు. పదకొండు, పన్నెండేళ్ళ ప్రాయంలో తన ఇంటి పక్కన పోయే గూడ్సు బండిని గురించి 'ఫ్రైట్ ట్రెయిన్' అనే పాట కట్టింది. పెళ్ళయినది. చర్చి పెద్దలు లౌకిక సంగీతం పాపమన్నారు. గిటారు పక్కనపెట్టింది. పాతికేళ్ళకు పైగా దాన్ని తాకలేదు.

1940 దశకపు చివర, వాషింగ్టన్‌లోని ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తప్పిపోయిన ఒక పసిపిల్లను తల్లికి అప్పగించింది. ఆ తల్లి సంగీతవేత్త రూత్ క్రాఫర్డ్ సీగర్. పిల్ల పెగ్గీ సీగర్. వారింట వంటపనికి కుదిరింది. గోడకు గిటారు వేలాడుతున్నది. ఒకనాడు పని మధ్యలో తీసి మీటింది. ఆ ఇంటి పిల్లలు తమ వంటమనిషి ఎవరో అప్పుడు తెలుసుకొన్నారు. పెగ్గీ పెద్దదై ఇంగ్లండు వెళ్ళి ఆ గూడ్సు బండి పాట పాడింది. అక్కడ స్కిఫుల్ అనే కుర్రకారు సంగీతం ఊపుమీద ఉన్నది. బీటిల్స్ పిల్లలు తొలుత వాయించినది అదే. 1957లో ఆ పాట ఇంగ్లండులో విపరీతంగా అమ్ముడైంది. ప్లేటుమీద రచయితలుగా ఇద్దరు ఆంగ్లేయుల పేర్లు! వాషింగ్టన్‌లో పాట కట్టిన మనిషి ఇంకా అంట్లు తోముతున్నది. సీగర్ కుటుంబం న్యాయపోరాటం చేసిన పిమ్మట గాని ఆమె పేరు ఆ పాటకు చేరలేదు. 1958లో తొలి ప్లేటు వచ్చేనాటికి ఆమెకు అరవై దాటింది. ఆ తరువాత కూడా చాలాకాలం ఇంటిపని మానలేదు. పాటల డబ్బుతో సిరక్యూస్ నగరంలో సొంత ఇల్లు కొనుక్కొన్నది. 1985లో, తొంభై దాటిన వయసులో, గ్రామీ బహుమతి అందుకొన్నది.

ఇంకొక రైల్వే స్టేషను చూపి ముగించబోతాను. సిస్టర్ రొసెట్టా థార్ప్ అర్కన్సాలో పత్తి ఏరే తల్లి బిడ్డ. ఆ తల్లి చర్చి బోధకురాలు కూడా. బిడ్డ భక్తిపాటలను ఎలక్ట్రిక్ గిటారుపై పలికించింది. 1945లో ఆమె ప్లేటు ఒకటి నల్లజాతి పాటల పట్టికలో రెండవ స్థానానికెక్కింది. రాక్ సంగీతానికి అదే నాంది అనేవారున్నారు. లిటిల్ రిచర్డ్‌ను బాలుడిగా వేదికెక్కించినది ఆమె. జానీ క్యాష్ తన అభిమాన గాయనిగా ఆమెను పేర్కొన్నాడు. 1964 మే నెలలో మాంచెస్టర్‌లో, ప్రయాణికుల రాకపోకలు నిలిచిపోయిన విల్‌బ్రహమ్ రోడ్ స్టేషనులో ఒక టెలివిజన్ కంపెనీ కచేరీ ఏర్పాటుచేసింది. శ్రోతలు ఒక ప్లాట్‌ఫారంపైన, గాయకులు ఎదుటి ప్లాట్‌ఫారంపైన, నడుమ పట్టాలు. వాన కురుస్తున్నది. దొరసాని కోటు తొడుక్కొని గుర్రపుబండి దిగి వచ్చి, అనుకొన్న పాట మార్చి వానకు సంబంధించిన భక్తిపాట అందుకొన్నది. తడుస్తున్న ఆంగ్ల యువకులు గిటారు ఎట్లా వాయించాలో ఆమె చేతిని చూసి నేర్చుకొన్నారు. 1973లో ఆమె మరణించినప్పుడు సమాధిపై రాయి పెట్టలేదు. 2008లో అభిమానులు కచేరీ జరిపి చందా పోగుచేసిన పిమ్మట పెట్టారు. మామీ స్మిత్ సమాధికి 2014 వరకు రాయి లేదు. ఆమె మరణించినది 1946లో.

బెస్సీ మరణం గురించి ఒక కట్టుకథ ప్రచారంలో ఉన్నది. 1937 సెప్టెంబరు 26 తెల్లవారుజామున మిసిసిపీలో కారు ప్రమాదం జరిగితే, తెల్లవారి ఆసుపత్రి చేర్చుకోనందున మరణించిందని పత్రికలు వ్రాశాయి. దానిపై నాటకం కూడా వచ్చింది. అది నిజం కాదు. ఆమెను నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవారి ఆసుపత్రికే తీసుకొనిపోయారు. ఆ ప్రాంతంలో నల్లజాతి మనిషిని తెల్లవారి ఆసుపత్రికి తీసుకొనిపోవాలన్న ఆలోచన ఏ డ్రైవరుకూ రాదు. ఉన్న అన్యాయం చాలదన్నట్లు మనం మరొకటి కల్పించనవసరం లేదు.

ఫిలడెల్ఫియా పొలిమేరలో ఆమెను పూడ్చిన చోట 33 ఏళ్ళు గడ్డి మొలిచింది. 1970లో ఒక పత్రికలో ఆ సంగతి చదివి ఇద్దరు స్త్రీలు ఖర్చు పంచుకొన్నారు. ఒకామె రాక్ గాయని జానిస్ జోప్లిన్. బెస్సీ ప్లేట్లు విని పాట నేర్చినది. రెండవ ఆమె జ్వనీటా గ్రీన్. చిన్నతనంలో బెస్సీ ఇంట నేల తుడిచిన పనిపిల్ల. ఆగస్టు 7న రాయి నిలిపారు.